నాలుగు రోజులుగా కడుపునొప్పి, స్కాన్లన్నీ నార్మల్, సోడియం 122: పోర్ఫిరియా అనుకోవచ్చా?

నైట్‌డ్యూటీ:

మెడిసిన్‌లో పీజీ ముగించి రెండేళ్లయింది. పోర్ఫిరియా (ఒంట్లో హీమ్ తయారయ్యే దారిలో లోపం వల్ల మధ్యలోని పదార్థాలు పేరుకుపోయే జబ్బు) గురించి పరీక్షలో రాశానే గానీ మంచం మీద చూసింది లేదు. ప్రశ్న తెలివితక్కువదైతే తిట్టండి, పర్లేదు.

26 ఏళ్ల అమ్మాయి. 14 నెలల్లో ఇది మూడో అడ్మిషన్. ప్రతిసారీ ఒకటే వరస: కడుపంతా మెలిపెట్టే నొప్పి, వాంతులు, నాలుగైదు రోజులు విరేచనం ఉండదు. చెయ్యి వేసి నొక్కితే కడుపు మెత్తగానే ఉంటుంది, ఆమె మాత్రం మంచం కమ్మీ పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటుంది. అల్ట్రాసౌండ్, సీటీ, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. మొదటిసారి వేరేచోట అపెండిక్స్ తీసేశారు. బయాప్సీ చూస్తే దానికి ఏ రోగమూ లేదు. రెండోసారి ఫిట్స్ వచ్చాయని ఫెనిటాయిన్ మొదలుపెట్టారు, ఇప్పటికీ వేసుకుంటోంది. పాత కేస్ షీట్‌లో ఎవరో 'ఫంక్షనల్', అంటే ఒంట్లో రోగమేమీ లేని నొప్పి, అని రాసి కింద రెండు గీతలు గీశారు. నిజం చెప్పాలంటే మొదటి రాత్రి నేనూ ఆ గీతల్నే నమ్మాను.

ఇప్పుడు పల్స్ 124, బీపీ 160/100, సోడియం బాగా తక్కువ, 122. నిన్నట్నుంచి చేతులు పైకెత్తి జుట్టు ముడేసుకోలేకపోతోంది. పొద్దున సిస్టర్ వచ్చి, "సార్, కిటికీ దగ్గర పెట్టిన మూత్రం సీసా చూశారా? పట్టినప్పుడు మామూలుగానే ఉంది, ఇప్పుడు టింక్చర్ రంగుకొచ్చింది" అంది. అప్పుడు వెలిగింది నాకు.

'యూరిన్ పోర్ఫిరిన్స్' పరీక్షకి బయటి ల్యాబ్‌కి పంపుతామంటున్నారు. 24 గంటల మూత్రం పట్టాలట. పట్టించనా? రిపోర్టు వచ్చేదాకా ఏం చెయ్యాలి?

పాతస్టెత్:

తిట్టేదేం లేదు బాబూ. ముందు ఆ సిస్టర్‌కి థాంక్స్ చెప్పు.

24 గంటల మూత్రం వద్దు. ఇప్పుడు, నొప్పిలో ఉండగానే, ఒక్కసారి పట్టిన మూత్రం చాలు. అడగాల్సింది పోర్ఫోబిలినోజెన్, అంటే పీబీజీ, ఈ జబ్బులో పేరుకుపోయే పదార్థం. దాంతోపాటు ఏఎల్ఏ (హీమ్ తయారీలో పీబీజీకి ముందు మెట్టు), క్రియాటినిన్. ఉత్త 'పోర్ఫిరిన్స్' అడిగావంటే లివర్ జబ్బులోనూ పెరుగుతుంది, సీసం విషంలోనూ పెరుగుతుంది, రిపోర్టు చేతిలో పెట్టుకుని తల పట్టుకుంటావు. సీసానికి నిజంగా ఎక్కేది ఏఎల్ఏ, పీబీజీ పెద్దగా కదలదు. రెండూ ఎక్కితే పోర్ఫిరియా వైపు చూడాలి.

నా కథ ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఇలాంటి అమ్మాయే. అనుమానం వచ్చింది, శాంపిల్ పంపాను, నార్మల్ అని వచ్చింది. ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి 'పోర్ఫిరియా కాదు' అని ఖాయంగా చెప్పేశాను. రెండేళ్ల తర్వాత కాళ్లూ చేతులూ పడిపోయి, ఊపిరి అందక వెంటిలేటర్ మీదకి వచ్చింది. అప్పుడు తవ్వితే తేలింది, ఆనాటి సీసా పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎండ తగిలే బల్ల మీద ఉందట. వెలుతురుకి పీబీజీ విరిగిపోతుంది. సీసా ఎలా వెళ్లిందో నేను అడగలేదు. ఆ తప్పు నాదే. అందుకే ఇప్పటికీ ఈ శాంపిల్ ల్యాబ్‌కి నేనే పట్టుకెళ్తాను, నవ్వేవాళ్లు నవ్వనీ.

రిపోర్టు కోసం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఫెనిటాయిన్ ఈ పూటే ఆపు. ఆ మందే నొప్పిని మళ్లీ మళ్లీ రప్పిస్తుండొచ్చు. కార్బమజెపిన్, వాల్‌ప్రోయేట్, ఫీనోబార్బిటోన్ కూడా వద్దు, ఫిట్స్‌కి లెవెటిరాసిటమ్ వాడుకో. నొప్పికి మార్ఫిన్ ఇవ్వు, భయపడకు, దీంట్లో ఇవ్వొచ్చు. వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్. గ్లూకోజ్ రోజుకి కనీసం 300 గ్రాములు పడాలి. కానీ 5 శాతం డెక్స్‌ట్రోజ్ నీళ్లు లీటర్లకి లీటర్లు ఎక్కించావంటే 122 కాస్తా 112 అవుతుంది. 10 శాతం డెక్స్‌ట్రోజ్, సెలైన్‌తో కలిసినది ఇవ్వు. సోడియం పెరుగుదల 24 గంటల్లో 8 దాటనివ్వకు.

అసలు మందు హీమిన్, అంటే నరంలోకి ఎక్కించే హీమ్, కిలోకి 3 నుంచి 4 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, నాలుగు రోజులు. ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే ఫోన్లు మొదలుపెట్టు. చేతులు లేవట్లేదన్నావు కాబట్టి ఆలస్యం చెయ్యలేం. ఊపిరి ఎంత పీల్చగలుగుతోందో పూటపూటకీ కొలవండి. ఆక్సిజన్ శాతం చూసి ధైర్యంగా ఉండొద్దు, అది పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది.

ఇంకొకటి, నెలసరికి ముందే వస్తోందా? అడిగి చెప్పు.

మైక్రోపిపెట్:

బయోకెమిస్ట్‌ని. పాతస్టెత్ గారి బల్ల కథ చదివి సిగ్గేసింది, అది మా వైపు జరిగే తప్పే.

సీసాకి అల్యూమినియం రేకు చుట్టండి, లేదా నల్ల కవర్లో పెట్టండి. ఫ్రిజ్‌లో ఉంచండి, దూరం పంపాలంటే గడ్డకట్టించి పంపండి. యాసిడ్ కలపొద్దు. క్రియాటినిన్ ఎందుకంటే, డ్రిప్ ఎక్కుతున్న మనిషి మూత్రం పలచనైపోయి పీబీజీ ఉత్తినే తక్కువ కనిపిస్తుంది. పీబీజీకి క్రియాటినిన్‌తో నిష్పత్తి చూస్తే ఆ మోసం ఉండదు.

మీ ల్యాబ్‌లో ఎర్లిక్ రీఏజెంట్ ఉంటే ఈ రాత్రే చూడొచ్చు. మూత్రంలో కలిపితే, పీబీజీ ఉంటే గులాబీ ఎరుపు వస్తుంది. మూత్రంలో మామూలుగానే కాస్త ఉండే యూరోబిలినోజెన్‌కీ అదే రంగు వస్తుంది కాబట్టి క్లోరోఫామ్ పోసి కుదపండి. రంగు క్లోరోఫామ్‌లోకి దిగితే యూరోబిలినోజెన్, పైన నీళ్లలోనే నిలిస్తే పీబీజీ. రాకపోతే మాత్రం 'లేదు' అని రాసేయకండి, ఇది మొరటు పరీక్ష. అసలు కొలత ఎలాగూ చేయించాలి.

కత్తిపట్టినవాడు:

సర్జన్‌ని. ఇలాంటి అపెండిక్స్‌లు నేనూ తీసి ఉంటాను, కాదనను. కానీ ఈ థ్రెడ్ చదివి రేపట్నుంచి ప్రతి కడుపునొప్పికీ పీబీజీ పంపేవాళ్లు వస్తారు. సోడియం తక్కువ, కడుపునొప్పి, వాంతులు అంటే ఎడ్రినల్ గ్రంథి లోపం కూడా ఉండొచ్చు కదా?

పాతస్టెత్:

మంచి ప్రశ్న. ఆ గ్రంథి హార్మోన్ కార్టిసాల్ పరీక్షకి పంపండి, ఖర్చయ్యేది రెండు చుక్కల రక్తం. కానీ ఎడ్రినల్ పడిపోతే బీపీ కూడా పడిపోవాలి, ఈ అమ్మాయికి 160 ఉంది. ఇది గిలాన్ బారీ (నరాలు దెబ్బతిని నీరసం వచ్చే మరో జబ్బు) కావొచ్చనే నరాల డాక్టర్లూ వస్తారు. అందులో నీరసం ఎక్కువగా కాళ్లనుంచి పైకి పాకుతుంది, ఇక్కడ భుజాల దగ్గర మొదలైంది. ఒక్కో లక్షణాన్నీ విడిగా చూస్తే దేనికైనా అతుకుతుంది. మెత్తటి కడుపు, వేగంగా కొట్టుకునే గుండె, తగ్గిన సోడియం, లేవని చేతులు కలిసొచ్చినప్పుడే పీబీజీ పంపమంటాను, ప్రతి కడుపునొప్పికీ కాదు.

మూడోవారం:

నేను డాక్టర్‌ని కాదు, ఈ జబ్బున్న మనిషిని. రాయొచ్చో లేదో తెలియక రాస్తున్నాను. నాకు పేరు దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టింది. నా డైరీలో నొప్పి వచ్చిన తేదీలన్నీ ఉండేవి, అడిగినవాళ్లు లేరు. ఒక డాక్టరమ్మ అడిగి, పక్కన నెలసరి తేదీలు రాయించింది. రెండు వరసలూ పక్కపక్కనే నడిచాయి. ఆ అమ్మాయిని ఉపవాసం ఉంచకండి డాక్టర్ గారూ, స్కాన్ కోసమైనా సరే, కడుపు మాడితే నాకు తిరగబెట్టేది.

నైట్‌డ్యూటీ:

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

ఆ రాత్రే క్లోరోఫామ్ పోశాం, ఎరుపు పైనే నిలిచింది. పీబీజీ నిష్పత్తి గరిష్ఠ పరిమితికి 23 రెట్లు వచ్చింది, ఏఎల్ఏ కూడా ఎక్కువే. కార్టిసాల్ బాగానే ఉంది. నెలసరికి వారం ముందు, మూడుసార్లూ అంతే. మూడోవారం గారూ, మీరు రాసింది చదివాకే తేదీలు అడిగాను.

హీమిన్ రెండో రోజు సాయంత్రానికి దొరికింది. మొదటి డోసుకే చేతి నరం వాచి తాడులా గట్టిపడింది, తర్వాత పెద్ద నరంలోంచి ఇచ్చి సెలైన్‌తో కడిగాం. మూడో డోసు తర్వాత మార్ఫిన్ అడగలేదు. సోడియం 134. ఊపిరి ఎప్పుడూ తగ్గలేదు. చేతులు తల దాకా లేస్తున్నాయి గానీ ముడి ఇంకా వెయ్యలేకపోతోంది, ఫిజియో నెలలు పడుతుందంటున్నారు.

ఈ జబ్బుకి మూలమైన హెచ్ఎంబీఎస్ అనే జన్యువు పరీక్షకి పంపాం. తేడా దొరికితే చెల్లెలికీ చేయించాలి. తనకి లక్షణాలేం లేవు. జన్యువు ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పటికీ రావని చెప్పాను, వాడకూడని మందుల జాబితా మాత్రం ఇచ్చాను.

నిన్న రౌండ్స్‌లో ఆమె అడిగింది: "పాత కాగితంలో గీతలు గీసిన మాట కొట్టేస్తారా?" పాత కేస్ షీట్ దిద్దకూడదు కదా. డిశ్చార్జ్ షీట్‌లో మొదటి వరసలోనే 'అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా' అని రాసి చూపించాను. చదివి, దాని కింద కూడా రెండు గీతలు గీయమంది. గీశాను.