దెయ్యాన్ని ఆడమనిషే ఓడించిన పాత తెలుగు సినిమా ఏదైనా ఉందా?

కాలేజీ సెమినార్ కోసం హారర్ సినిమాల్లో ఆడవాళ్ల పాత్రల మీద పేపర్ రాస్తున్నాను. ఒక్కచోట ఆగిపోయాను.

రాత్రి (1992)లో దెయ్యం పట్టేది రేవతికి, వదిలించేది మాంత్రికుడు. చంద్రముఖి (2005)లో ఒంటిచేత్తో మంచం ఎత్తిన గంగ ఆ క్షణం ఎంత బలంగా కనిపిస్తుందో! అయినా అది జబ్బే అవుతుంది, నయం చేసేది డాక్టర్. అరుంధతి (2009)లో మాత్రం దెయ్యం మగవాడు, వాణ్ని అంతం చేసేది అనుష్క. మసూద (2022)లో కూతురి కోసం తల్లి నిలబడటం నాకు చాలా నచ్చింది.

నాకు కావాల్సింది 2009కి ముందువి. మూడు వారాలుగా ఓటీటీల్లో, యూట్యూబ్‌లో వెతికాను. 'పాత దెయ్యం సినిమాలు' అని కొడితే కామెడీ సీన్లే వస్తున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే అమ్మోరు (1995) అన్నారు. కానీ అక్కడ కాపాడేది అమ్మవారు, మామూలు మనిషి కాదు కదా. డబ్బింగ్ సినిమాలు కూడా వద్దు.

మాంత్రికుడు, డాక్టర్, హీరో, దేవత ఎవరూ లేకుండా మామూలు ఆడమనిషే దెయ్యాన్ని ఎదిరించి గెలిచిన తెలుగు సినిమా 2009కి ముందు మీరు ఏదైనా చూశారా?