గాలి పిన్నుల గన్ను కొత్తగా కొన్నాను, ప్రెషర్ ఎంత పెట్టాలి?

రాజాం_సోఫా_వర్క్స్:
నమస్తే అండి. మాది రాజాం, సోఫాలు కుర్చీలు కుషన్ పని చేస్తాను. ఇన్నాళ్లూ చేత్తో నొక్కే టాకరే, సాయంత్రానికి మణికట్టు పట్టీసి అన్నం కలపడానికి కూడా వచ్చేది కాదు, అందుకే 80 సిరీస్ పిన్నులేసే గాలి గన్ను, 24 లీటర్ల కంప్రెషర్ కొన్నాను. మొదట పది పదిహేను పిన్నులు బాగా దిగుతన్నాయి, తర్వాత సగం దిగి పైకి లేచుంటన్నాయి. పంక్చర్ షాపాయన 120 పీఎస్ఐ పెట్టీ అన్నాడు, పెడితే రెగ్జిన్ చీల్చుకుని లోపలికెళ్లిపోతన్నాయి. నిన్న పిన్ను ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో తీస్తన్నాను, గన్ను ఠప్పుమంది, పిన్ను చెవి పక్కనుంచి పోయింది. అప్పట్నుంచి పట్టుకోవాలంటే భయంగా ఉంది. ఇంకోటి, కరెంటు పోతే ఆక్సిజన్ సిలిండర్‌కి తగిలించొచ్చంట, నిజమేనా?

శ్రీకాకుళం_కుషన్:
బావూ, ముందు ఆ ఆక్సిజన్ మాట మర్చిపో. గన్ను లోపల నూనె ఉంటుంది, ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్ నూనెకి తగిల్తే అంటుకుని గన్ను చేతిలోనే పేలిపోతుంది. వంట గ్యాసూ వద్దు. కంప్రెషర్ గాలి ఒక్కటే.

ఇప్పుడు నీ పిన్నుల సంగతి. చిన్న కంప్రెషర్లలో చాలావాటికి మోటారు 8 బార్ (ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ) దగ్గర ఆగి 5, 6 బార్‌కి పడ్డాక మళ్లీ అందుకుంటుంది. నువ్వు రెగ్యులేటర్, అదే గన్నుకెళ్లే ప్రెషర్ తిప్పి పెట్టేది, ఎక్కువలో పెట్టినావు కాబట్టి ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒక దెబ్బ, తగ్గాక ఇంకో దెబ్బ. మోటారు అందుకునే ప్రెషర్ కంటే కిందకి, అంటే 65, 70 పీఎస్ఐకి దించు, అప్పుడు అన్ని పిన్నులూ ఒకేలా పడతాయి. నువ్వు వాడే ప్లై ముక్క మీద అదే రెగ్జిన్ వేసి కొట్టి చూడు, పిన్ను నడుం, అంటే రెండు కాళ్ల మధ్య అడ్డ భాగం, బట్టకి ఆనాలి గాని కొయ్యకూడదు, దిగకపోతే 5 చొప్పున పెంచు. గన్ను మీద రాసున్న మాక్సిమమ్ మాత్రం దాటొద్దు. 12 ఎమ్ఎమ్ ప్లైకి 10 ఎమ్ఎమ్ కాలున్న పిన్ను చాలు, పొడుగుది వేస్తే వెనకాలకి వచ్చీసి కూర్చున్నోళ్లకి గుచ్చుకుంటుంది.

పొద్దున్నే ఎయిర్ టూల్ ఆయిల్ రెండు మూడు చుక్కలు గాలి పైపు తగిలించే చోట వెయ్యి. ఇంజనాయిల్, కొబ్బరినూనె వద్దు, లోపల రబ్బరు రింగులు పాడైపోతాయి. రాత్రి షాపు కట్టేముందు ట్యాంకు కిందున్న డ్రెయిన్ విప్పి నీళ్లు వదిలీయాలి, మన సముద్రం పక్క గాలికి నీరు చాలా పడుతుంది, వదలకపోతే ట్యాంకు లోపల్నుంచి తుప్పు పట్టి పలచబడిపోతుంది.

మూడులాంతర్లు_అక్క:
తమ్ముడూ, చెవి పక్కనుంచి పోయిందంటే చదువుతుంటేనే గుండె జారింది. మా ఆయనా నేనూ విజయనగరంలో కుషన్ పని చేస్తాం. మా దగ్గర పని నేర్చుకునే అబ్బాయి సన్న చెక్క అంచుకి కొడుతూ ఎడమ చెయ్యి వెనకాల పెట్టాడు, పిన్ను చెక్కలో ముడికి తగిలి పక్కకి తిరిగి వేల్లోకి దిగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లి తీయించి టీటీ వేయించాం, ఇంట్లో కటింగ్ ప్లేయర్‌తో లాగొద్దు. అప్పట్నుంచి పట్టుకునే చెయ్యి గన్ను మూతికి జానెడు దూరంలో ఉండాలని రూలు, కళ్లద్దాలు లేకుండా గన్ను ముట్టనివ్వను.

పిన్ను ఇరుక్కుంటే ముందు గాలి పైపు పీకీ, తర్వాతే మూతి దగ్గర చెయ్యి పెట్టు. ట్రిగ్గర్ మీద వేలు కొట్టేటప్పుడు తప్ప ఉండకూడదు. ఒక్కటి చూసి చెప్పు, పైపు పీకినప్పుడు గన్నులోంచి గాలి తుస్సుమంటుందా?

రాజాం_సోఫా_వర్క్స్:
అక్కా, అనడం లేదు!

మూడులాంతర్లు_అక్క:
అదే నాకొచ్చిన అనుమానం. స్ప్రింగున్న కప్లర్, అంటే పైపు తగిలించి పీకే బిగింపు, గన్నుకి బిగించినట్టున్నారు, అది గాలిని లోపలే పట్టీసి ఉంచుతుంది, పైపు పీకినా ఇంకో దెబ్బ పేల్తుంది. కప్లర్ పైపు వైపు, అందులోకి దూరే ఉత్తి నిపుల్ గన్ను వైపు ఉండాలి. మార్పించేదాకా వాడకు.

రాజాం_సోఫా_వర్క్స్:
మార్పించినాను అక్కా, ఇప్పుడు తుస్సుమంటంది. 70 పెట్టి మూడు సీట్ల సోఫా పూర్తి చేసినాను, ఒక్క పిన్ను లేవలేదు. టేకు ఫ్రేముకి ఇదే సరిపోద్దా?

శ్రీకాకుళం_కుషన్:
గట్టి కర్రకి 80, 85 దాకా పట్టొచ్చు బావూ. ముందు ముక్క మీద కొట్టు.