టైమింగ్ బెల్ట్ తెగింది: ఇంజన్ హెడ్ దించాలా, కొత్త బెల్ట్ వేసి చూడాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం 60 స్పీడులో వెళ్తుంటే టప్‌మని శబ్దం వచ్చి ఇంజన్ ఆగిపోయింది. బండి పక్కకు తీసి రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాను. ఎప్పుడూ బరువుగా ఆగి ఆగి తిరిగేది, ఈసారి అడ్డేమీ లేనట్టు గిర్రున తిరిగింది. స్టార్ట్ కాలేదు. మెకానిక్ వచ్చి పై కవర్ విప్పి చూస్తే టైమింగ్ బెల్ట్ తెగిపోయి ఉంది. పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, తొమ్మిదేళ్లది, 82,000 కిలోమీటర్లు తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, బెల్ట్ ఎప్పుడైనా మార్చారో లేదో తెలియదు. కొత్త బెల్ట్ వేసి స్టార్ట్ చేసి చూద్దాం అంటున్నాడాయన. ఇంకొకాయన ఏమీ చూడకుండానే ఇంజన్ మార్చేయమన్నాడు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు, బాగా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ముందు ఇక సెల్ఫ్ కొట్టకండి. గేర్లో వేసి తోద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి. ఇప్పటిదాకా బాగున్న వాల్వ్ (సిలిండర్లోకి గాలి, బయటికి పొగ వదిలే మూత) కూడా అలా వంగిపోవచ్చు.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది బెల్టే. చాలా ఇంజన్లలో పిస్టన్ పైకొచ్చే చోటుకే వాల్వ్ కూడా దిగుతుంది, కాకపోతే ఒకటి వచ్చేసరికి రెండోది తప్పుకుంటుంది. వీటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లు అంటారు. బెల్ట్ తెగగానే క్యామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. బండి గేర్లో ఉంది కాబట్టి చక్రాలు క్రాంక్‌ను తిప్పుతూనే ఉంటాయి. 2,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకు 33 సార్లు పైకొస్తుంది. మీరు క్లచ్ తొక్కేలోపే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

సెల్ఫ్ గిర్రున తిరిగిందంటే వాల్వులు వంగినట్టే అని మాత్రం అనుకోకండి. తెరిచి ఉన్న వాల్వులోంచి గాలి పోతుంది, మోటారుకు బరువు తగలదు, అంతే. కొన్ని ఇంజన్లలో పిస్టన్ వాల్వుకు అసలు తగలదు, కొత్త బెల్ట్ వేస్తే సరిపోతుంది. మీ ఇంజన్ కోడ్ చూసి అది ఏ రకమో సర్వీస్ మాన్యువల్‌లో చూపించమనండి. డీజిల్ అయితే ఈ ఆశ పెట్టుకోనక్కర్లేదు, దాదాపు అన్నీ తగిలేవే.

తగిలే రకమైతే "వేసి స్టార్ట్ చేసి చూద్దాం" అనే మాటకు ఒప్పుకోవద్దు. కాస్త వంగిన వాల్వ్ ఇంజన్ నడుస్తుండగా తల విరిగి సిలిండర్లో పడితే, హెడ్‌తో (వాల్వులుండే ఇంజన్ పై భాగం) పోయే పని పిస్టన్, బ్లాక్ (సిలిండర్లుండే కింది భాగం) దాకా వెళ్తుంది. స్టార్ట్ చేయకుండానే తెలుసుకునే దారి ఉంది, అదే లీక్ టెస్ట్. క్రాంక్‌ను చేత్తో తిప్పి నాలుగు పిస్టన్లూ సగం ఎత్తులో ఉండేలా పెడతారు. అప్పుడు క్యామ్‌ను మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో తిప్పినా పిస్టన్లు అడ్డు రావు. ఒక్కో సిలిండర్ వాల్వులు మూసి ఉండేలా పెట్టి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కిస్తారు. పక్కన నిలబడి మీరే వినండి. బుస్సుమనే చప్పుడు ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వస్తే ఇన్‌లెట్ వాల్వ్, సైలెన్సర్ గొట్టంలోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ పోసే మూత దగ్గర గట్టిగా వస్తే పిస్టన్, రింగులు అనుమానించాలి. అదే రంధ్రంలోంచి సన్నటి కెమెరా దింపి పిస్టన్ తల కూడా చూడమనండి. వాల్వ్ తగిలిన చోట నెలవంకలా గీత పడి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. ఈ రోజు దగ్గరుండి చేయించాను. మాది తగిలే రకమే. 1, 4 సిలిండర్లలో గాలి నిలిచింది. 2, 3లో ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంది. కెమెరాలో 2వ పిస్టన్ మీద మీరు చెప్పిన నెలవంక స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు హెడ్ దించాలా, వాడిన ఇంజన్ వేసుకోవాలా?

ఇంకొకరి జవాబు:
నాకూ ఇలాగే అయింది, అప్పుడు తొందరపడి వాడిన ఇంజన్ వేయించాను. దాని చరిత్ర ఏమిటో ఎవరూ చెప్పలేదు, ఆరు నెలలకే ఆయిల్ తాగడం మొదలైంది. మీకు రెండు సిలిండర్లలోనే ఇన్‌లెట్ వాల్వులు పోయాయి, నేనైతే హెడ్ దించుతాను. ఒకవేళ వాడిన ఇంజనే తీసుకుంటే, బండిలో ఎక్కించక ముందే దానికి కొత్త బెల్ట్ వేయించండి. దాని బెల్ట్ వయసు కూడా మీకు తెలియదు కదా.

మొదటి జవాబు ఇచ్చినవారు:
నా మాట కూడా హెడ్ దించమనే. దించాక వంగిన వాల్వులు మార్చి ఊరుకోవద్దు. వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాడ జారే గొట్టాలు) పగిలాయేమో చూడాలి, అన్ని వాల్వులకూ సీళ్లు కొత్తవి వేయాలి, హెడ్ అడుగు చదునుగా ఉందో లేదో కొలవాలి. హెడ్ గ్యాస్కెట్ ఎలాగూ కొత్తదే. హెడ్ బోల్టులు సాగే రకమైతే పాతవి మళ్లీ వాడకూడదు. నాలుగు పిస్టన్లూ పైకొచ్చినప్పుడు ఎంత ఎత్తుకు వస్తున్నాయో కొలిపించండి. ఒకటి తక్కువ వస్తే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) వంగినట్టు. ఈ కొలత ఐదు నిమిషాల పని, కానీ చాలామంది వదిలేస్తారు.

ఇంకొకటి, బెల్ట్ ఎందుకు తెగిందో తెలియకుండా కొత్తది వేయించకండి. తెగిన ముక్క తీసుకుని చూడండి. ఆయిల్ తడిసి మెత్తబడిందా? వీపు మీద పగుళ్లున్నాయా? ఒకే చోట పళ్లు ఊడిపోయాయా? పళ్లు ఊడితే ఏదో పుల్లీ బిగుసుకుని ఉండొచ్చు. టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా ఉంచే చక్రం), ఐడ్లర్ (బెల్ట్‌ను దారిలో ఉంచే చక్రం), వాటర్ పంపు ఒక్కోటి చేత్తో తిప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చూశాను అన్నా. వాటర్ పంపు పుల్లీ తిప్పుతుంటే గరగరమంటోంది, పట్టి కదిపితే ఊగుతోంది. దాని కింద ఎండిపోయిన కూలెంట్ మరక గట్టిపడి ఉంది. బెల్ట్‌కు ఒకే చోట వరసగా పళ్లు లేవు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అయితే దొంగ దొరికాడు. పంపు, టెన్షనర్, ఐడ్లర్ అన్నీ బెల్ట్‌తో కలిపే మార్చేయండి. పంపు ఆ బెల్ట్‌తోనే తిరుగుతుంది కాబట్టి తర్వాత మారుద్దామంటే ఇదే పని మళ్లీ విప్పాలి. బిగించేటప్పుడు క్యామ్, క్రాంక్ కదలకుండా లాక్ టూల్స్ వాడమనండి. అయ్యాక సెల్ఫ్ కొట్టే ముందు క్రాంక్‌ను పానాతో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో మీ కళ్లతో చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డుకుంటే బలవంతంగా తిప్పనివ్వొద్దు.

ఇక ముందు కిలోమీటర్లే కాదు, ఏళ్లు కూడా లెక్క పెట్టుకోండి. రబ్బరు తిరగకపోయినా పాతబడుతుంది. మాన్యువల్‌లో రెండూ ఉంటాయి, ఏది ముందొస్తే దానికే మార్చాలి.

ప్రశ్న అడిగినవారు:
బండి ఈ రోజు స్టార్ట్ అయింది అన్నా! రాడ్లు నాలుగూ బాగున్నాయి, రెండు చుట్లు తిప్పినప్పుడు గుర్తులు కలిశాయి. మొదట్లో కాసేపు పైన టకటకమంది, నిమిషంలోపు తగ్గిపోయింది. పర్వాలేదా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
హైడ్రాలిక్ ట్యాపెట్లున్న (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల సందు సర్దే భాగాలు) ఇంజన్ అయితే వాటిలోకి ఆయిల్ నిండేదాకా అలా ఉంటుంది, తగ్గింది కాబట్టి భయం లేదు. వేడెక్కాక కూడా వస్తే వెంటనే చూపించండి. కూలెంట్‌లో గాలి పూర్తిగా పోయేదాకా మట్టం రోజూ చూస్తుండండి. కొద్ది రోజులు నడిపాక ఆయిల్, ఫిల్టర్ ఇంకోసారి మార్పించండి. హెడ్ విప్పినప్పుడు ఎంత తుడిచినా కొంత చెత్త లోపల పడుతుంది.