హెచ్‌ఓ మోడల్ రైలు లూప్‌లో ఎదురు వైపుకు వెళ్లేసరికి ఇంజన్ నీరసపడుతోంది, జాయింట్లన్నీ సోల్డర్ చేయాలా?

8×4 అడుగుల ప్లైవుడ్ మీద 18 అంగుళాల రేడియస్‌తో హెచ్‌ఓ (1:87 స్కేలు) లూప్, చుట్టుకొలత 5.6 మీటర్లు. డీసీ కంట్రోలర్ నుంచి పట్టాలకు ఒక్కచోటే కరెంటు ఫీడ్. అక్కడ 12 వోల్టులు ఉంటే, ఇంజన్ నడుస్తుండగా ఎదురు వైపు 9 మాత్రమే. పట్టాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచినా తేడా లేదు, కాబట్టి అనుమానమంతా పట్టా ముక్కలను కలిపే వదులైన రైల్ జాయినర్ల మీదే.

అన్నీ సోల్డర్ చేసేస్తే మరో తంటా: 20 డిగ్రీల తేడాకే నికెల్ సిల్వర్ పట్టా మొత్తమ్మీద దాదాపు 2 మి.మీ. సాగుతుంది, చోటు లేకపోతే వంకర తిరుగుతుంది. (తేమకు ప్లైవుడ్ చేసే అల్లరి వేరే.)

వంపుల్లో మాత్రమే సోల్డర్ చేసి, మిగతా చోట్ల కింద బస్ వైరు (కరెంటు మోసే ప్రధాన తీగ) వేసి, దాని నుంచి పట్టాలకు మీటరుకో జత ఫీడర్లు (చిన్న తీగలు) ఇస్తే సరిపోతుందా? నేరు ముక్కల మధ్య ఎంత సందు వదలాలి? బస్‌కు 1.5 చదరపు మి.మీ. తీగ సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.