1971 పాఠం తెలుగులో ఎలా చెప్పాలి?

విశాఖలో డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్తానండి. అంతర్జాతీయ సంబంధాల పేపర్‌లో 'బలాల సమతుల్యత' (ఏ ఒక్క దేశానిదీ పైచేయి కాకుండా బలాలు సరితూగడం) అని బోర్డు మీద రాస్తే పిల్లలు బట్టీ పట్టేస్తున్నారు తప్ప బుర్రకెక్కడం లేదు. అందుకే ఈసారి మన బీచ్ రోడ్డు నుంచే మొదలుపెడదామనుకున్నా: కురుసుర జలాంతర్గామి, 1971 డిసెంబర్‌లో భారత్-పాక్ యుద్ధమప్పుడు మన తీరం దగ్గరే మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, అదే ఏడాది ఆగస్టు 9న సోవియట్‌తో కుదిరిన ఒప్పందం, బంగాళాఖాతంలోకి అమెరికా పంపిన ఎంటర్‌ప్రైజ్ నౌక. ఘాజీ ఎలా మునిగిందన్నది ఇప్పటికీ వాదనే (నాకైతే ఆ వాదనే అసలు పాఠం).

చిక్కేంటంటే, అమెరికా బయటపెట్టిన అప్పటి పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మా వాళ్లలో సగం మంది తెలుగు మీడియం. ఇలాంటి పాఠం తెలుగులో చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 'డిటరెన్స్'కి (ఎదుటి దేశం దాడికి దిగకుండా ముందే భయపెట్టి ఆపడానికి) మీరు ఏ మాట వాడతారు? నేను 'నిరోధం' అంటే కంటైన్‌మెంట్‌తో (ప్రత్యర్థి పలుకుబడి విస్తరించకుండా కట్టడి చేయడంతో) కలిపేస్తున్నారు.