సమస్యాపూరణం: “కడుపు వెలుపల నరిగెను గ్రాసమెల్ల”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి (నాలుగు పాదాల పద్యం) పాదం; అదే చివరి పాదంగా పద్యం పూరించాలి. ఎరను పట్టి తినే జీవుల ఆహారక్రియే వస్తువు కావాలి. పురాణకథల్లోకి తప్పించుకోవద్దని మనవి.

పూరణ 1
సాలె వలఁ జిక్కె నొక యీఁగ జాలిగొలుప
దారములఁ జుట్టి కోఱలు దాఁకఁ గఱచి
జీర్ణరసములఁ బోయఁగాఁ జెదరి కరఁగి
కడుపు వెలుపల నరిగెను గ్రాసమెల్ల.

నిర్వాహకుడు: సాలీడు కోఱలతో విషమెక్కించి, నోటి నుండి జీర్ణరసాన్ని ఎరమీద కక్కి, కరిగిన ద్రవాన్ని నోటి దగ్గరి వెండ్రుకలతో వడకట్టుకొంటూ పీల్చుకుంటుంది కనుక సమస్యలోని విరోధం (కడుపు బయట ఆహారం అరగడం) సహజంగానే తొలగింది. అయితే రెండవ పాదానికి కర్త లేడు. అన్వయించి చూస్తే ఈగే తన్ను తాను చుట్టుకొని కఱచుకొన్నట్లున్నది. “జాలిగొలుప” యతి కోసమే వచ్చింది.

పూరణకర్త: ధన్యవాదాలండీ. రెండవ పాదాన్ని “దారములఁ జుట్టి సాలీడు దాఁకి కఱచి” అని సవరించాను. జాలిని మాత్రం ఉంచనివ్వండి, ఈగ పక్షాన ఒక్కరైనా ఉండాలి కదా!

మరొక సభ్యుడు: “ఎల్ల” అన్న మాటకు నా అభ్యంతరం. బయట జరిగేది మొదటి కరగడమే; మిగిలిన జీర్ణక్రియ సాలీడు పేగు కణాల్లోనే పూర్తవుతుంది.

నిర్వాహకుడు: ఆ తప్పు పూరణది కాదు, నా సమస్యది.

పూరణ 2
కొండచిలువ జింకను మ్రింగి కొన్నినాళ్లు
కదలకుండెను; పొట్టలోఁ గరఁగె నెముక;
వెండ్రుకలు దక్క మిగులవు, వేఱె యెట్లు
కడుపు వెలుపల నరిగెను గ్రాసమెల్ల?

నిర్వాహకుడు: ప్రశ్నగా మార్చి దాటవేశారు, చెల్లుతుంది గాని సాహసం తక్కువ. ఆకలితో ఉన్న కొండచిలువ జఠరంలో ఆమ్లం దాదాపు ఉండదు, ఎర దిగిన తరువాతే 7 దగ్గర ఉన్న పీహెచ్ 2 దాకా పడిపోతుంది. పద్యంలోకి రావలసిన విశేషం అది.

పూరణ 3
ఆలుచిప్పను విడఁదీసి యంతలోనఁ
గడలిచుక్క తన కడుపుఁ గ్రక్కి పఱచె;
మెత్తనగు మాంస మచ్చట మెల్లఁ గరఁగి
కడుపు వెలుపల నరిగెను గ్రాసమెల్ల.

మరొక సభ్యుడు: కడలిచుక్క (స్టార్‌ఫిష్) కడుపే బయటికి వచ్చినప్పుడు ఆహారం అరిగింది కడుపులోనే కదా? “ఒడలి వెలుపల” అంటే ఒప్పుకొనేవాణ్ణి.

పూరణకర్త: అయ్యా, సంచిని తిరగవేసినట్లు ఆ జీవి జఠరపు లోపలి పొర పైకి తిరుగుతుంది. మాంసం చిప్పలోనే ఉన్నది, దానిపై ఆ పొర పరచుకొన్నది. ఆ స్థితిలో కడుపుకు “లోపల” అన్న చోటే మిగలలేదు. కరిగిన తరువాతే జఠరాన్ని, దానితో పాటు ఆ ద్రవాన్ని లోనికి లాక్కుంటుంది.

నిర్వాహకుడు: ఈ సమాధానం ముందు నాకూ మొదట కలిగిన అదే సందేహం నిలవలేదు, అంగీకరిస్తున్నాను. ఈ వారపు పూరణల్లో నాకు నచ్చినది ఇదే. కాని “విడఁదీసి” సరి కాదు. గొట్టపు పాదాలతో పట్టి లాగినా చిప్ప పూర్తిగా తెరుచుకోనక్కరలేదు. మిల్లీమీటరులో పదోవంతు సందు దొరికినా జఠరం అందులోంచి జారిపోతుంది.

పూరణకర్త: మొదటి పాదం ఇలా మార్చాను: “ఆలుచిప్పన సందింత యైనయపుడె”.