పాత విశాఖలో ఒక రోజు నడవాలంటే?

ప్రశ్న: మరమ్మతులతో మళ్లీ కళ తెచ్చుకుంటున్న వన్‌టౌన్‌ను, అంటే పాత విశాఖను, ఈసారి కాలినడకన చూడాలని ఉంది. కళ, తిండి, సందడి మూడూ దొరికేలా ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరా?

జవాబు 1: మార్గశిర గురువారం రండి. బురుజుపేటలో పైకప్పు లేకుండా వెలసిన కనకమహాలక్ష్మి అమ్మవారికి భక్తులు స్వయంగా పసుపు, కుంకుమ సమర్పిస్తారు. ఆ రోజు వీధులే ఉత్సవం, అయితే రద్దీకి సిద్ధపడాలి. అక్కడి నుంచి కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం చూసుకుంటూ టౌన్‌హాలుకు నడవవచ్చు.

జవాబు 2: రాస్‌హిల్ కొండను వదలకండి. 1864లో రాస్ దొర దానిపై కట్టుకున్న ఇల్లే తరువాత క్రైస్తవ ప్రార్థనా మందిరమైంది. పక్క కొండలపై దర్గా, వేంకటేశ్వరాలయం ఉన్నాయి. పైనుంచి ఓడరేవు కనిపిస్తుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు కొనేటప్పుడు సహజ రంగులవేనా అని అడగండి.

జవాబు 3: తిండి మాటకొస్తే, బీచ్‌రోడ్డులో నిమ్మరసం పిండిన మురీ మిక్స్చర్ తినకుండా వెళితే ఆ నడక అసంపూర్ణమే.